డ్రైవరు రచనకు తొలి వాచకము

కీబోర్డు మీద మీట నొక్కగానే తెర మీద అక్షరము పడును. ఈ రెంటి నడుమ ఏమి జరిగినదో కంప్యూటరు పాఠము చదువు విద్యార్థికి చెప్పువారు అరుదు. మీట నొక్కుట వలన పుట్టునది ఒక విద్యుత్ సంకేతము. ప్రోగ్రామునకు కావలసినది ఒక సంఖ్య. సంకేతమును సంఖ్యగా మార్చి, అడిగినవారికి అందజేయు భాగమునకు డ్రైవరు అని పేరు. కీబోర్డునకు ఒక డ్రైవరు, డిస్కునకు ఒకటి, కెమేరాకు మరియొకటి ఉండును. డ్రైవరు లేని పరికరము తీగ తగిలించిన పెట్టె మాత్రమే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో డ్రైవర్లు కెర్నెల్ లోపల పనిచేయును. కెర్నెల్ అను ఆంగ్ల పదమునకు గింజలోని పప్పు అని అర్థము. మెమరీని పంచుట, ప్రోగ్రాములకు వంతులు వేయుట, పరికరములను అదుపులో ఉంచుట దాని పనులు. హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగానుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ కెర్నెల్ మూలపాఠమంతయు బహిరంగము. కావున సి భాష నేర్చిన విద్యార్థి ఎవని అనుమతియు లేకుండ తాను వ్రాసిన డ్రైవరును అందులో చేర్చి, పనిచేయునో లేదో పరీక్షించుకొనవచ్చును. అట్టివానికి మొట్టమొదట సూచింపబడు గ్రంథము "లినక్స్ డివైస్ డ్రైవర్స్". దాని తొలి ముద్రణ 1998లో వెలువడినది. అప్పుడు గ్రంథకర్త అలెస్సాండ్రో రూబిని ఒక్కడే. 2001లో వచ్చిన రెండవ ముద్రణలో జొనాథన్ కార్బెట్ కలిసెను. 2005లో వచ్చిన మూడవ ముద్రణకు గ్రెగ్ క్రోహార్ట్‌మన్ మూడవ రచయిత. నాల్గవ ముద్రణ వెలువడలేదు. ప్రకాశకులగు ఓరైలీ సంస్థవారు మూడవ ముద్రణను ఉచితముగ చదువుకొనుటకును పంచుకొనుటకును వీలగు షరతులతో విడుదల చేసిరి. కొనలేని విద్యార్థికి ఇది గొప్ప ఉపకారము.

అయితే 2005 నాటి ఈ గ్రంథమును నేడు విద్యార్థి చేతికి ఈయవచ్చునా? ఇది పుస్తక ప్రియుల కాలక్షేపపు ప్రశ్న కాదు. ఉదాహరణను అక్షరము పొల్లుపోకుండ టైపు చేసిన పిల్లవానికి కంపైలరు పది తప్పులు చూపును. తప్పు తనదేయని అతడు తలచును. ఉపాధ్యాయునకు చూపినచో, కెర్నెల్ విషయము పరిచయము లేని ఉపాధ్యాయుడును అట్లే తలచును. పుస్తకము మూతపడును, ఆ వైపు మరల చూచుట ఉండదు. కనుక ఈ గ్రంథములో ఏది నిలిచినది, ఏది చెడినది అని వేరుచేసి చూపుట అవసరము.

గ్రంథకర్తలు చేసిన మొదటి మంచిపని ఏమనగా, పరికరము లేకుండగనే డ్రైవరును నేర్పుట. వారి ప్రధానోదాహరణకు స్కల్ అని పేరు. దాని వెనుక యంత్రమేదియు లేదు; కెర్నెల్ మెమరీలో కొంత భాగమును తీసికొని, అదియే ఒక పరికరమన్నట్లు నటించును. వ్రాసినది దాచుకొనును, చదివినప్పుడు తిరిగి ఇచ్చును. ఇట్లు చేయుట వలన ప్రత్యేకమైన కార్డు గాని తీగ గాని కొననక్కరలేదు. లినక్స్ ఉన్న ఏ కంప్యూటరు మీదనైనను అభ్యాసము సాగును. అంతకంటె ముఖ్యమైన లాభము మరియొకటి: పరికరముల విచిత్రములన్నియు తొలగిపోగా, డ్రైవరు అను వస్తువు స్వరూపము మాత్రము మిగులును.

ఆ స్వరూపము వింతయైనది. సాధారణ ప్రోగ్రాము మొదటి వాక్యముతో ప్రారంభించి చివరి వాక్యముతో ముగియును. డ్రైవరుకు అట్టి ఆద్యంతములు లేవు. అది కెర్నెల్‌లో చేరినప్పుడు ఒక ఫంక్షను నడచును, తొలగినప్పుడు మరియొకటి నడచును. నడుమ కాలమంతయు అది పిలుపు కొరకు వేచియుండును. ఎవరైన తెరచినచో ఓపెన్, చదివినచో రీడ్, వ్రాసినచో రైట్ అను ఫంక్షనులు పిలువబడును. ఈ ఫంక్షనుల చిరునామాలన్నియు ఒక పట్టికలో వ్రాసి, ఫలానా సంఖ్య గల పరికరమును అడిగినవారిని ఈ పట్టిక కడకు పంపుము అని కెర్నెల్‌తో నమోదు చేసికొనుటయే డ్రైవరు చేయు మొదటి పని. యూనిక్స్ సంప్రదాయములో పరికరము కూడ ఫైలువలెనే కనబడును గనుక, చదువువానికి తాను ఫైలును చదువుచున్నాడో పరికరమును చదువుచున్నాడో తెలియనక్కరలేదు.

తొలి మాడ్యూలు విషయమున ఒక చిన్న హెచ్చరిక. రెండవ ప్రకరణములో పలకరింపు మాటను ముద్రించు మాడ్యూలు ఒకటి ఉన్నది. దానిని ఇన్స్‌మాడ్ అను ఆజ్ఞతో ఎక్కించి, తెర వైపు చూచుచు కూర్చుండు విద్యార్థికి ఏమియు కనబడకపోవచ్చును. కెర్నెల్ ముద్రించు మాట విద్యార్థి తెరచియుంచిన కిటికీలోనికి రాదు; కెర్నెల్ దినచర్యలో చేరును. డీమెసేజ్ అను ఆజ్ఞతో దానిని చూడవలెను. గ్రంథకర్తలు ఈ సంగతి చెప్పిరి గాని, మొదటి దినము తరగతిలో కలుగు నిరాశలో సగము దీనివలననే యని వారికి తోచినట్లు లేదు.

మూడవ ప్రకరణము గ్రంథమునకు ప్రాణము. యూజరు ప్రోగ్రాము మెమరీ వేరు, కెర్నెల్ మెమరీ వేరు అను సూత్రము ఇక్కడ బోధింపబడినది. తపాలా కచేరీలో మనియార్డరు పంపవచ్చిన రైతు కిటికీకి ఇవతల నిలుచును, గుమాస్తా అవతల కూర్చుండును. ఫారము కిటికీ గుండ పోవును. గుమాస్తా దానిని పరీక్షించి తన పుస్తకములోనికి ఎక్కించుకొనును. రైతు కిటికీ దూరి పెట్టెలో చేయి పెట్టుట లేదు, గుమాస్తా బయటికి వచ్చి రైతు సంచి వెదకుట లేదు. డ్రైవరు కూడ అట్లే వర్తింపవలెను. యూజరు ప్రోగ్రాము ఇచ్చునది ఒక పాయింటరు మాత్రమే, అనగా మెమరీలో ఒక చిరునామా. ఆ చిరునామా తప్పు కావచ్చును. కెర్నెల్ సొంత మెమరీలోని చిరునామానే దురుద్దేశముతో ఇచ్చియుండవచ్చును. చిరునామా మంచిదేయైనను ఆ పుట ఆ క్షణమున మెమరీలో లేక డిస్కు మీద ఉండవచ్చును. కావున డ్రైవరు ఆ చిరునామాను నేరుగా ముట్టరాదు. కాపీ టు యూజర్, కాపీ ఫ్రమ్ యూజర్ అను రెండు ఫంక్షనులే ఆ కిటికీ.

ఈ ఫంక్షనులు తిరిగి ఇచ్చు సంఖ్యను గూర్చి కొత్తవారు తరచు పొరబడుదురు. అది కాపీ అయిన బైట్ల సంఖ్య కాదు, కాకుండ మిగిలిన బైట్ల సంఖ్య. సున్న వచ్చినచో అంతయు సవ్యమే. సున్న కానిచో డ్రైవరు ఈఫాల్ట్ అను దోషసంఖ్యను, అనగా 14ను, ఋణచిహ్నముతో తిరిగి ఈయవలెను.

కాలము గడచినకొలది ఈ భాగమునకు బలము పెరిగినదే గాని తరుగలేదు. 2005 నాటి సాధారణ కంప్యూటరు మీద యూజరు చిరునామాను నేరుగా ముట్టిన డ్రైవరు చాలమార్లు పనిచేసినట్లే కనబడెడిది, తప్పు దాగియుండెడిది. 2014 నుండి వచ్చిన కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో అట్టి స్పర్శను హార్డువేరే పట్టుకొని నిలిపివేయును. నాడు గ్రంథకర్తలు నియమముగా చెప్పినదానిని నేడు యంత్రమే అమలుపరచుచున్నది.

ఇక స్కల్ నిర్మాణము. ఇక్కడనే గ్రంథము మీద మొదటి ఆక్షేపణ చేయవలసియున్నది. స్కల్ తన మెమరీని ఒక్క ముక్కగా ఉంచుకొనదు. 4,000 బైట్ల అరలు 1,000 చేర్చి ఒక పెట్టె. అట్టి పెట్టెలను గొలుసుగా కట్టి పరికరము. ఒక్కొక్క పెట్టెలో 40,00,000 బైట్లు పట్టును. 40,12,345వ బైటు ఎక్కడ ఉన్నదో తెలియవలెనన్నచో మొదట 40,00,000 చేత భాగింపవలెను: భాగఫలము 1, శేషము 12,345. ఆ శేషమును 4,000 చేత భాగింపగా భాగఫలము 3, శేషము 345. సున్న నుండి లెక్కించినచో 1వ పెట్టెలో 3వ అరలో 345వ బైటు అన్నమాట. లెక్క చిక్కనిది కాదు; ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలడు. కాని డ్రైవరు అనగానేమో తెలిసికొనవచ్చినవాడు గొలుసు జాబితాలు, రెండంతస్తుల భాగహారములు దాటిన పిదప గాని కిటికీ కడకు చేరలేకున్నాడు. గ్రంథకర్తలు నిపుణులు, నిపుణులకు ఈ భారము భారముగా తోచదు. ఒక్క ముక్క మెమరీతో మొదట ఒక డ్రైవరు చూపి, తరువాత దానిని స్కల్‌గా పెంచియున్నచో ఎంతయో బాగుండెడిది.

అయినను ఆ అరల ఏర్పాటు వలన ఒక మేలు కలిగినది. స్కల్ ఒక్క పిలుపులో ఒక్క అర కంటె ఎక్కువ చదివి ఈయదు. పై స్థానము నుండి 10,000 బైట్లు ఈయుమని అడిగిన ప్రోగ్రామునకు, అరలో మిగిలిన 3,655 బైట్లు మాత్రమే చేతికి వచ్చును. ఇది దోషము కాదు. అడిగినదాని కంటె తక్కువ ఇచ్చుటకు డ్రైవరుకు అధికారము కలదు. మిగిలినది మరల అడుగుట ప్రోగ్రాము విధి. సున్న ఇచ్చినచో ఇక ఏమియు లేదని అర్థము. ఫైళ్ళను చదువు ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థులు ఈ నియమము ఎరుగక, అడిగినదంతయు ఒక్కమారే వచ్చునని నమ్ముదురు. కెర్నెల్ వైపు నుండి చూచినవానికి ఆ భ్రమ తొలగిపోవును. డ్రైవరు పాఠము వలన మామూలు ప్రోగ్రాములు కూడ బాగుపడుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

రెండవ ఆక్షేపణ ప్రకరణముల వరుసను గూర్చినది. మూడవ ప్రకరణములోని రీడ్, రైట్ ఫంక్షనులలో సెమఫోర్ అను తాళము అప్పుడే వాడబడినది. అదేమో ఐదవ ప్రకరణములో గాని తెలియదు. అంతవరకు దానిని పట్టించుకొనవద్దని పాఠకునకు చెప్పబడినది. అర్థము కాని వాక్యమును చూచియు చూడనట్లు సాగిపొమ్మనుట విద్యార్థికి మంచి అలవాటు నేర్పుట కాదు.

అయితే ఆ ఐదవ ప్రకరణమునకు చేరిన పాఠకుడు ఈ నేరమును క్షమించును. గ్రంథమంతటిలోను మేలైన పుటలు అవియే. ఇద్దరు ఒకేసారి స్కల్‌లో వ్రాయబోయినచో ఏమగును? ఫలానా అరకు ఇంకను మెమరీ కేటాయింపబడలేదనుకొందము. మొదటి ప్రోగ్రాము తరపున నడచు కోడు అరను చూచును: ఖాళీ. కేటాయింపవలెనని నిశ్చయించును. ఆ క్షణముననే, మరియొక ప్రాసెసరు మీద, రెండవ ప్రోగ్రాము తరపున అదే కోడు అదే అరను చూచును: ఇంకను ఖాళీయే. అదియు కేటాయింప నిశ్చయించును. మొదటిది 4,000 బైట్లు తెచ్చి అర చిరునామా వ్రాసికొనును. రెండవది మరి 4,000 బైట్లు తెచ్చి ఆ చిరునామా మీదనే తన చిరునామా వ్రాయును. మొదటి మెమరీ ఎక్కడ ఉన్నదో ఇక ఎవరికిని తెలియదు. అందులో వ్రాసిన అక్షరములు పోయినవి. ఆ మెమరీని విడుదల చేయుటకు కూడ దారి లేదు. కంప్యూటరును ఆపి తిరిగి నడుపువరకు అది నష్టమే. ఏ ఒక్క వాక్యములోను తప్పు లేదు. వాక్యముల నడుమ ఉన్న సందులో తప్పు ఉన్నది.

ఇట్టి తప్పు వేయిమార్లు నడపినను కనబడకపోవచ్చును, వేయిన్నొకటవమారు కనబడవచ్చును. పరీక్షించి చూచితిమి, బాగుగనే ఉన్నది అను మాటకు ఇక్కడ విలువ లేదు. గ్రంథకర్తలు ఈ సంగతిని బెదిరింపు లేకుండ, విసుగు లేకుండ చెప్పిరి. చూచుట, నిశ్చయించుట, వ్రాయుట అను మూడింటిని కలిపి ఒక తాళము లోపల ఉంచవలెననియు, ఆ తాళము పరికరమునకు ఒకటి చొప్పున ఉండవలెననియు, నిద్రింపదగిన చోట ఒక విధమైన తాళము, నిద్రింపరాని చోట మరియొక విధమైనది వాడవలెననియు వారు చూపిన క్రమము నేటికిని చెక్కుచెదరలేదు. పేర్లు మాత్రము మారినవి. సెమఫోర్‌కు బదులు మ్యూటెక్స్ అను తాళము 2006లో కెర్నెల్‌లో ప్రవేశించినది. నేడు ఇట్టి పనికి అదియే వాడుక.

పేర్ల మార్పు ప్రసంగము వచ్చినది గనుక అసలు చిక్కును ఇక్కడనే చూడవలెను. మూడవ ముద్రణ 2.6.10 అను కెర్నెల్‌ను ఆధారముగా చేసికొన్నది. ఆ తరువాత స్కల్ వాడుకొన్న సెమఫోర్ ప్రారంభపు మాక్రో తొలగింపబడినది. పరికరమునకు ప్రత్యేకాజ్ఞలు పంపు ఐయాక్టల్ ఫంక్షను పాత రూపము 2010లో పోయినది. ప్రాక్ ఫైళ్ళను సృష్టించు పాత విధానము 2013లో పోయినది. చిరునామా సరియైనదా యని అడుగు యాక్సెస్ ఓకే ఫంక్షనుకు ఉండిన మూడు ఆర్గుమెంట్లు 2019లో రెండైనవి. టైమర్లను గూర్చిన ఏడవ ప్రకరణము, డిస్కువంటి పరికరములను గూర్చిన పదునారవ ప్రకరణము మరింత దెబ్బతిన్నవి. గ్రంథములోని స్కల్‌ను ఉన్నదున్నట్లు నేటి కెర్నెల్ మీద కంపైలు చేయుట సాధ్యము కాదు.

ఇది అజాగ్రత్త వలన జరిగినది కాదు. కెర్నెల్ నిర్మాతల నియమమే అట్టిది. యూజరు ప్రోగ్రాములు వాడు సిస్టం కాల్స్‌ను వారు భద్రముగా కాపాడుదురు. నిన్న నడచిన ప్రోగ్రాము రేపును నడువవలెను. కాని కెర్నెల్ లోపలి ఫంక్షనుల రూపమును గూర్చి వారు ఏ వాగ్దానమును చేయరు. మెరుగైన మార్గము తోచినప్పుడు మార్చివేయుదురు. మార్చినవారే కెర్నెల్ మూలపాఠములో ఆ ఫంక్షనును వాడుకొను డ్రైవర్లన్నిటిని వెదకి సవరింతురు. కనుక మూలపాఠములో చేరిన డ్రైవరు దానంతట అదే కాలముతో నడచును. చేరక బయట ఉన్న డ్రైవరును ఎవరును సవరింపరు. ఈ నియమమును గట్టిగా సమర్థించుచు కెర్నెల్‌తోపాటే పంచబడు వ్యాసమొకటి ఉన్నది. దానిని వ్రాసినది మరెవరో కాదు, ఈ గ్రంథము మూడవ రచయితయగు గ్రెగ్ క్రోహార్ట్‌మన్. ముద్రిత గ్రంథములోని ఉదాహరణ మూలపాఠమునకు బయట ఉన్న డ్రైవరే గదా! తన గ్రంథము పాతబడుటకు కారణమగు నియమమును ఒక గ్రంథకర్త తానే సమర్థించిన సందర్భములు అరుదు. ఇందులో విరోధము లేదు. కాని విద్యార్థికి ఈ సంగతి మొదటి పుటలోనే తెలియవలెను. తెలిసినచో కంపైలరు చూపు తప్పులు అతనిని నొప్పింపవు.

అట్లయిన ఉపాధ్యాయుడు ఎక్కడ మొదలిడవలెను? ఎన్నటికిని పాతబడని ఉదాహరణలు మూలపాఠములోనే ఉన్నవి. డ్రైవర్స్ అను డైరెక్టరీలో క్యార్ అను ఉపడైరెక్టరీ కలదు. అందులో మెమ్ అను పేరుగల సి ఫైలు ఒకటి. వ్రాసినదంతయు మ్రింగివేయు నల్ పరికరము, అడిగినన్ని సున్నలను ఇచ్చు జీరో పరికరము అందులోనివే. నల్ పరికరమును చదువు ఫంక్షను చేయునదెల్ల సున్నను తిరిగి ఇచ్చుట. అనగా ఇక ఏమియు లేదు అని చెప్పుట. వ్రాయు ఫంక్షను తనకు ఇచ్చిన సంఖ్యనే తిరిగి ఇచ్చును. అనగా అంతయు పుచ్చుకొంటిని అని చెప్పుట. ఒక్కొక్క వాక్యము గల ఈ రెండు ఫంక్షనులను నల్లబల్ల మీద వ్రాసి, రీడ్ తిరిగి ఇచ్చు సంఖ్యకు అర్థమేమని తరగతిని అడిగినచో ఒక గంట చాలదు.

తరువాత మిస్క్ అను తరగతి పరికరమును వ్రాయింపవచ్చును. గ్రంథము చూపిన మార్గములో పరికర సంఖ్యను సంపాదించుట, పట్టికను చేర్చుట, ఆ పిమ్మట ఒక స్క్రిప్టు నడపి పరికరపు ఫైలును చేతితో సృష్టించుట అను మెట్లు ఉన్నవి. మిస్క్ మార్గములో 10 అను ప్రధాన సంఖ్య అందరికి ఉమ్మడి. ఒక్క నమోదు పిలుపుతో పని ముగియును, పరికరపు ఫైలు దానంతట అదే ఏర్పడును. వంద బైట్ల ఒక్క ముక్క మెమరీ, ఒక రీడ్, ఒక రైట్, ఒక తాళము. ఇంతమాత్రము స్వయముగా వ్రాసి నడిపినవాడు స్కల్‌ను తెరచినచో దాని అరలు, పెట్టెలు అతనిని భయపెట్టవు.

గ్రంథమునకు పోటీగా చెప్పదగినది "లినక్స్ కెర్నెల్ మాడ్యూల్ ప్రోగ్రామింగ్ గైడ్". ఓరి పోమెరాంట్జ్ ప్రారంభించిన ఈ చిన్న పుస్తకము చేతులు మారుచు, కొత్త కెర్నెళ్ళకు అనుగుణముగా సవరింపబడుచు వచ్చినది, ఇదియు ఉచితము. దీని ఉదాహరణలు నేటి కెర్నెల్ మీద నడచును. కాని ఏది ఎట్లు చేయవలెనో చెప్పినంత వివరముగా, ఎందుకు అట్లు చేయవలెనో ఇది చెప్పదు. ఒకదానిని చేతి క్రింద, మరియొకదానిని కన్నుల ముందు పెట్టుకొని పనిచేయుట ఉత్తమము. స్కల్ ఉదాహరణలను కూడ కొందరు ఔత్సాహికులు కొత్త కెర్నెళ్ళకు మార్చి అందరికి అందుబాటులో ఉంచిరి. ఆ సవరణలను మూలముతో పోల్చి చూచుట తనకు తానే ఒక పాఠము: మారిన పంక్తులు ఎన్ని, మారనివి ఎన్ని? కిటికీ వద్ద జరుగు కాపీలు, అరల లెక్క, తిరిగి ఇచ్చు సంఖ్యలు మారలేదు.

మరి రెండు చిన్న విషయములు ఉపాధ్యాయుల కొరకు. గోటూ అను ఆజ్ఞను వాడరాదని సి భాష నేర్పువారందరు చెప్పుదురు. కెర్నెల్‌లో దానిని ధారాళముగ వాడుదురు, ఈ గ్రంథమును వాడుమనియే చెప్పును. ప్రారంభ ఫంక్షనులో మూడు పనులు ముగిసి నాల్గవది విఫలమైనచో, ఆ మూడింటిని వెనుకనుండి ముందునకు రద్దు చేయవలెను; అందుకు గోటూ కంటె తేటయైన సాధనము సి భాషలో లేదు. విద్యార్థి ఇది చూచి మాష్టారు చెప్పినది తప్పా అని అడుగును. నియమమునకు కారణమేమో చెప్పుటకు అది మంచి సమయము.

రెండవది, తప్పుల ఫలితము. సాధారణ ప్రోగ్రాములో తప్పుడు పాయింటరును ముట్టినచో ఆ ప్రోగ్రాము మాత్రమే చచ్చును. కెర్నెల్‌లో అదే తప్పు చేసినచో ఊప్స్ అను నివేదిక వెలువడును. ఒక్కొక్కప్పుడు యంత్రమంతయు స్తంభించును. నాల్గవ ప్రకరణములో బుద్ధిపూర్వకముగా తప్పు చేయు మాడ్యూలును వ్రాసి, ఆ నివేదికను పంక్తి పంక్తి చదువుట నేర్పిరి. వైద్య విద్యార్థికి శవపరీక్ష నేర్పినట్లు ఇది చక్కని పని. కాని నేడు ఇట్టి ప్రయోగములకు అసలు కంప్యూటరును బలి ఈయనక్కరలేదు. క్యూఎము వంటి ప్రోగ్రాముతో కంప్యూటరు లోపల మరియొక ఊహా కంప్యూటరును నడపి, తప్పులన్నియు దాని మీదనే చేయవచ్చును. అది స్తంభించినచో మూసివేసి మరల తెరచుట రెండు నిమిషముల పని. సంతకము లేని మాడ్యూళ్ళను నిరాకరించు సెక్యూర్ బూట్ చిక్కు కూడ అక్కడ ఉండకుండ చేసికొనవచ్చును. పాఠశాల యంత్రముల మీద నేరుగా అభ్యాసము చేయించుట ఎన్నటికిని తగదు.

గ్రంథములోని తరువాతి ప్రకరణములలో పీసీఐ, యూఎస్‌బీ, నెట్‌వర్కు మొదలగువాటిని గూర్చినవి ప్రారంభకులు ప్రస్తుతమునకు విడిచిపెట్టవచ్చును. చిన్న బోర్డు కంప్యూటర్ల మీద నేడు అంతట వాడుకలోనున్న డివైస్ ట్రీని గూర్చి గాని, సెన్సార్లను తగిలించు ఐటూసీ తీగలను గూర్చి గాని ఇందులో పాఠము లేదు. రాస్ప్‌బెర్రీ పై 2012లో వచ్చిన తరువాత దీపమును వెలిగించుటయే పిల్లల మొదటి ప్రయోగమైనది. అట్టివారికి ఈ గ్రంథము దారి చూపలేదు.

కాని తొమ్మిది, పది ప్రకరణములలోని ఒక ప్రయోగమును మాత్రము వదలరాదు. షార్ట్ అను డ్రైవరు ప్రింటరు తగిలించు పాత ప్యారలల్ పోర్టును నడుపును. ఆ పోర్టు 9వ కాలును 10వ కాలుతో చిన్న తీగ ముక్కతో కలుపుమని గ్రంథకర్తలు చెప్పిరి. 9వ కాలు మీదికి డ్రైవరే సంకేతమును పంపును. అది తీగ గుండ 10వ కాలుకు చేరి, ప్రాసెసరుకు ఇంటరప్టుగా తిరిగి వచ్చును. డ్రైవరులోని హ్యాండ్లరు మేలుకొని ఆ క్షణపు కాలమును వ్రాసికొనును. బయటి పరికరము లేకుండ, ఒక్క తీగ ముక్కతో, ఇంటరప్టు పుట్టుట, చేరుట రెండును కంటికి కనబడును. కొత్త ల్యాప్‌టాపులలో ఈ పోర్టు లేదు. పాత డెస్క్‌టాపు కంప్యూటరు ఒకటి మూలబడియున్న పాఠశాలలో ఇంటికి పంపుటకు ముందు దాని వెనుక వైపు ఇరువదియైదు రంధ్రముల సాకెట్టు ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో ఆ యంత్రమును ఈ ప్రయోగమునకే విడిగా ఉంచవచ్చును. గ్రంథములోని హ్యాండ్లరుకు మూడు ఆర్గుమెంట్లు ఉన్నవి. 2006లో మూడవది తొలగింపబడినది గనుక దానిని కొట్టివేసి కంపైలు చేయవలెను.